కీమో మొదలవకముందే మతిమరుపుకి ఏర్పాట్లు చేసుకోండి

మొదటి కీమోకి డేట్ ఇచ్చారనగానే ఇంట్లో అందరూ జుట్టు రాలడం గురించి, వాంతుల గురించి, కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోవడం గురించి మాట్లాడతారు, మతిమరుపు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. తీరా రెండు మూడు సైకిల్స్ (విడతల కీమో) అయ్యాక తెలిసినవాళ్ల పేరు నోట్లో ఆడుతూనే బయటికి రాకపోవడం, పాలు పొయ్యి మీద పెట్టి వేరే గదిలోకి వెళ్లిపోవడం, చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదవడం మొదలవుతాయి. అప్పుడు మనిషి హడలిపోతుంది, జబ్బు మెదడుకి కూడా పాకిందేమోనని. ముందే తెలిసుంటే సగం భయం ఉండదు.

దీన్ని కీమో బ్రెయిన్ అంటారు. పేరులో కీమో ఉన్నా తప్పంతా ఆ మందుదే కాదు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొందరికి కీమో ఎక్కించకముందే పరీక్షల్లో తేడా కనిపించింది. రక్తం తగ్గడం, స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టకపోవడం, అలర్జీ రాకుండా ఇచ్చే ఇంజెక్షన్ మగత, టెన్షన్, నెలసరి ఒక్కసారిగా ఆగిపోవడం, తర్వాత వాడే టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు, ఇవన్నీ కలుస్తాయి. ఇందులో సరిచేయగలిగినవి చాలా ఉన్నాయి, అందుకే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 ఒకసారి చూడమని డాక్టర్‌ని అడగండి, నిద్ర పట్టట్లేదని కూడా దాచకుండా చెప్పండి. చాలామందికి ట్రీట్‌మెంట్ అయిపోయాక 6 నెలల నుంచి ఏడాదిలోపు మెల్లగా తేరుకుంటుంది, కొందరికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అన్నిటికంటే ముందు మందుల సంగతి చూడండి, నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. కేపసిటబిన్ అనే కీమో మాత్రలు ఇంట్లోనే వేసుకుంటారు, మామూలుగా రోజుకి రెండుసార్లు, తిన్న అరగంట లోపల, 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపమంటారు. ఆపాల్సిన వారంలో మర్చిపోయి వేసుకున్నా, పొద్దున్న వేసుకున్నది గుర్తులేక ఇంకో డోసు వేసుకున్నా ప్రమాదమే. డబ్బా మీద రాసింది సరిపోదు, క్యాలెండర్‌లో ఆపే రోజులకి ఎర్ర పెన్నుతో గీత కొట్టి, వేసుకున్న ప్రతిసారీ టిక్ పెట్టండి. వేసుకున్నానో లేదో అని అనుమానం వస్తే ఆ పూటకి వదిలేసి హాస్పిటల్‌కి ఫోన్ చేయండి, తర్వాతి పూట రెండు డోసులు కలిపి మాత్రం వేసుకోవద్దు.

వంటింట్లో పొయ్యి వెలిగించిన మనిషి పొయ్యి దగ్గరే ఉండాలి, పక్కకి వెళ్లాల్సి వస్తే కట్టేసి వెళ్లాలి. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందులు ఎక్కించుకునేవాళ్లలో చాలామందికి వేళ్లు మొద్దుబారతాయి కూడా, కాబట్టి మతిమరుపూ తిమ్మిరీ కలిసిన చేతులతో వేడి గిన్నె పట్టుకోనివ్వకండి. ఆ కొన్ని నెలలు వంట ఇంకెవరైనా చేయవచ్చు, మొగుడైనా కొడుకైనా.

డబ్బు, కాగితాల పనులు మొదటి సైకిల్‌కి ముందే తెముల్చుకోవడం మంచిది. చీటీ కట్టే తేదీలు, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ కాగితాలు, రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి. కీమో అయిన వారంలో రిజిస్ట్రేషన్లు, పెద్ద సంతకాలు పెట్టుకోకండి. ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మాట్లాడకుండా ఫోన్ పక్కవాళ్లకి ఇచ్చేయండి. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు, అడగాల్సినవి పుస్తకంలో రాసుకెళ్లండి, వీలైతే అడిగి ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి.

ఇప్పుడు ఇంట్లోవాళ్లకి ఒక మాట. మా పిన్ని విషయంలో దగ్గరుండి చూశాను, మందు కంటే ఎక్కువ కుంగదీసేది "ఇందాకే చెప్పాను కదా" అన్న మాట. స్కాన్ నార్మల్, డాక్టర్ అడిగిన పది ప్రశ్నలకీ సమాధానం చెప్పింది, అయినా మర్చిపోతున్నానంటోంది, కాబట్టి నటిస్తోంది అనుకుంటారు. ఆ చిన్న పరీక్షలు మతి బాగా తప్పినవాళ్లని పట్టుకోవడానికి తయారుచేసినవి, ఈ సన్నని తేడా వాటికి చాలాసార్లు దొరకదు. ఆవిడ మర్చిపోతున్నానంటే నమ్మండి. నిన్న ఏం కూర తిన్నావో చెప్పు చూద్దాం అని పరీక్షలు పెట్టకండి, ఒకసారికి ఒకే పని చెప్పండి, వెనకాల టీవీ కట్టేసి చెప్పండి.

సరస్వతీ లేహ్యం, బ్రాహ్మి, గింకో బిళ్లలు అంటూ తెలిసినవాళ్లు తెచ్చిస్తారు. ప్రేమతోనే తెస్తారు, కానీ ఆంకాలజిస్ట్‌ని (క్యాన్సర్ డాక్టర్‌ని) అడగకుండా ఏదీ వేయకండి, గింకో రక్తస్రావం ముప్పు పెంచుతుంది, ప్లేట్‌లెట్స్ తగ్గినప్పుడు అది మరీ చెడ్డది. వీటికంటే నడక మేలు. డాక్టర్ సరేనంటే ఎండ ముదరకముందే ఓపికున్నంత దూరం రోజూ నడవండి, ఓపిక లేని రోజు వరండాలో నాలుగు అడుగులైనా చాలు.

చివరగా, కీమో బ్రెయిన్ మెల్లగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, ఒక్క రోజులో తికమకపడుతుంటే, పిలిస్తే పలకకుండా మత్తుగా పడి ఉంటే, మాట ముద్దగా వస్తుంటే, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పుతుంటే, ఫిట్స్ వస్తే అది కీమో బ్రెయిన్ అనుకుని ఊరుకోకండి. ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండవచ్చు, మెదడులోనే ఏదైనా జరుగుతుండవచ్చు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, దాటినా అంతే, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, కీమో జరుగుతోందని, ఆఖరిసారి ఏ తేదీన ఎక్కించారో, ఏ మందో చెప్పండి. ఆ వివరాలు ఇప్పుడే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.