వేసవికి ముందు సూపర్ కెపాసిటర్ సోలార్ సెట్టులో చూసుకోవాల్సినవి

సోలార్ సెట్టులో బ్యాటరీ బదులు కరెంటును నిల్వ చేసే సూపర్ కెపాసిటర్ లక్షలసార్లు ఛార్జింగ్ ఎక్కి దిగినా ఓర్చుకుంటుంది. వేడినీ, ఎక్కువ వోల్టేజీనీ మాత్రం తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో వేడి మరీ ఎక్కువ, ప్యానెల్ వోల్టేజీ కూడా హద్దుకు పైనే ఉంటుంది. ఎక్కువమంది కట్టుకునే సెట్టునే ఇక్కడ తీసుకుందాం: 2.7 వోల్టుల 500 ఫారడ్ (కెపాసిటీ కొలత) సెల్లులు ఆరు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, 50 వాట్ల 12 వోల్టుల ప్యానెల్. ఈ ఆరూ కలిసిన బ్యాంకు మొత్తం 83 ఫారడ్లు, దాటకూడని హద్దు 16.2 వోల్టులు.

ముందు ఆశ తగ్గించుకోవాలి. 15 వోల్టుల నుంచి 5 దాకా దించితే చేతికొచ్చేది 2.3 వాట్-అవర్లు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీకి లెక్క ప్రకారం 84 వస్తాయి. అంటే ఈ బ్యాంకుతో ఒక వాటు ఎల్ఈడీ రెండు గంటలు వెలుగుతుంది. గేటు దగ్గర సెన్సర్ లైటుకు చాలు. రాత్రంతా వెలగాలంటే బ్యాటరీయే కొనండి.

వోల్టేజీ. దేనికీ కలపని ప్యానెల్ వోల్టేజీ 21 పైనే. ఎండకు ప్యానెల్ వేడెక్కి అది తగ్గుతుంది నిజమే, కానీ 18, 19 దగ్గర ఆగుతుంది. అదీ 16.2 కంటే ఎక్కువే. కాబట్టి ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ లేకుండా ప్యానెల్‌ను నేరుగా కలిపి వదిలేయకండి. కంట్రోలర్‌ను 12 వోల్టులకే ఫిక్స్ చేసి, కటాఫ్ (ఛార్జింగ్ ఆగే వోల్టేజీ) 14.4 పెట్టండి. సెల్లుకు 2.4 పడుతుంది. ఈక్వలైజ్ (లెడ్ యాసిడ్ బ్యాటరీలకు వోల్టేజీ పెంచి ఛార్జ్ చేసేది) ఆప్షన్ ఉంటే ఆపేయండి. సెల్లుకు 0.1 నుంచి 0.2 వోల్టు తగ్గిస్తే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. పోగొట్టుకునే కాస్త నిల్వ దాని ముందు లెక్కలోది కాదు.

పూర్తిగా ఖాళీ అయిన బ్యాంకును చాలా కంట్రోలర్లు గుర్తుపట్టవు. అప్పుడు షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) గుండా ప్యానెల్‌ను నేరుగా బ్యాంకుకు కలిపి, 11 వోల్టులు రాగానే తీసేయండి. మంచి ఎండలో ఐదారు నిమిషాల పని. మీటరు పక్కనే నిలబడండి, ఇంకో రెండున్నర నిమిషాలు వదిలేస్తే హద్దు దాటిపోతుంది.

బ్యాలెన్స్ బోర్డు. సెల్లులన్నిటి వోల్టేజీ సమంగా ఉంచేది ఇది. దాని మీదే భారం వేయకండి. మామూలు బోర్డులు పక్కకు మళ్లించగల కరెంటు ఒక ఆంపియర్ లోపే. ప్యానెల్ ఇచ్చేది దాదాపు మూడు. ఆరు సెల్లుల్లో కెపాసిటీ తక్కువున్నదే ముందు నిండి, హద్దు దాటి ఉబ్బుతుంది. అందుకే కట్టేముందు ఒక్కో సెల్లునూ పరీక్షించాలి: 2.5 వోల్టులకు ఛార్జ్ చేసి, ఎలక్ట్రానిక్ లోడ్‌తో (ఒకే కరెంటును నిలకడగా లాగే పరికరం) ఒక ఆంపియర్ లాగండి. 1.5కు దిగడానికి సుమారు 500 సెకన్లు పట్టాలి. 300కే దిగితే అది లేబుల్ మార్చిన సరుకు, పక్కన పడేయండి. కట్టాక నెలకోసారి, బ్యాంకు నిండినప్పుడు, ఆరింటి వోల్టేజీ విడివిడిగా చూడండి. ఏదైనా 2.6 దాటితే కటాఫ్ ఇంకా తగ్గించి, ఆ సెల్లు మార్చండి.

వేడి. 2.7 వోల్టుల రేటింగ్ సాధారణంగా 65 డిగ్రీల దాకానే. ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగమవుతుంది. రేకుల కింద, ప్యానెల్ వెనక, ఎండ తగిలే నల్ల డబ్బాలో పెట్టకండి. ఉత్తరపు గోడకు, నేలకు దగ్గరగా, గాలి తూములున్న డబ్బాలో పెట్టండి. చాలా సెల్లుల్లో ఉండే ద్రవం అసిటోనైట్రైల్. అంటుకుంటుంది, ఆవిరి విషం. పడకగదిలో వద్దు.

లోడు. వోల్టేజీ బ్యాటరీలా నిలబడదు, వాడేకొద్దీ జారుతూనే ఉంటుంది. 5 నుంచి 16 వోల్టుల దాకా తీసుకునే బక్-బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీని పెంచి, తగ్గించి నిలకడగా ఇచ్చేది) పెట్టి, 5 దగ్గర కట్ చేయండి. ఇంకా దించితే బలహీనమైన సెల్లు తిరగబడి ఛార్జవుతుంది.

చేయి పెట్టేముందు. షాక్ కొట్టదు కానీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారతాయి. ఉంగరం, గాజులు, లోహపు గడియారం తీసేయండి. పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు లోపే 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ముందు ప్యానెల్, లోడు విప్పి, 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు గుండా దించండి. బల్బు ఆరిపోయినా మీటరు అర వోల్టు లోపు చూపించేదాకా ఆగి, ఆ తర్వాత ఒక్కో సెల్లు రెండు టెర్మినల్స్‌నూ వైరుతో కలపండి. కాసేపటికి వోల్టేజీ మళ్లీ కొద్దిగా లేస్తుంది కాబట్టి పని అయ్యేదాకా ఆ వైర్లు తీయొద్దు.