యుద్ధంపై మాట మార్చిన నాయకుణ్ణి అంచనా వేయడం ఎలా: ఇరాక్ ఓటు ఆధారంగా ఒక పద్ధతి

యుద్ధం గురించి పార్టీలవారీగా జరిగే వాదనల్లో ఒక విచిత్రం ఎప్పుడూ కనిపిస్తుంది. మన పార్టీ నాయకుడు అభిప్రాయం మార్చుకుంటే అనుభవం నేర్పిందంటాం; అవతలి పార్టీవాడు అదే పని చేస్తే ప్లేటు ఫిరాయించాడంటాం. ఈ రెండు తీర్పులకూ కాగితాలు తిరగేయవలసిన పని లేదు కాబట్టే అవి అంత త్వరగా వెలువడతాయి. కాగితాలు చూసిన తరువాతే తీర్పు చెప్పాలనుకునేవారికి అమెరికా 2003లో ఇరాక్‌పై చేసిన యుద్ధం మంచి అభ్యాసం. ఓట్లు, ప్రసంగాలు, తేదీలు అన్నీ నమోదై ఉన్నాయి. మాట మార్చినవారు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. అక్కడ ఓటు హక్కు ఉన్న తెలుగువారికైతే ఇది కేవలం చరిత్ర పాఠం కాదు.

మొదట చేయవలసింది, ఆ నాయకుడు దేనికి ఓటు వేశాడో మూలంలో చదవడం. 2002 అక్టోబరు 10న ప్రతినిధుల సభ 296–133 ఓట్లతోనూ, ఆ రాత్రి గడిచి 11వ తేదీ తెల్లవారకముందే సెనేట్ 77–23 ఓట్లతోనూ ఆమోదించిన తీర్మానం, ఇరాక్‌పై సైనిక బలాన్ని ప్రయోగించే అధికారాన్ని అధ్యక్షుడు జార్జ్ బుష్‌కు ఇచ్చింది. దౌత్యంతో పని జరగదని అధ్యక్షుడే నిర్ణయించుకుని, ఈ రెండు సభలూ కలిసిన అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు తెలియజేయాలన్న షరతు అందులో ఉంది. అందువల్ల, "నేను యుద్ధానికి కాదు, అధికారం ఇవ్వడానికి మాత్రమే ఓటు వేశాను" అని తరువాత చెప్పినవారి మాట పూర్తిగా అబద్ధం కాదు. అయితే అది ఎంతవరకు నిజమో తేల్చడానికి ఒక దారి ఉంది: అదే రోజుల్లో వచ్చిన ఇతర సవరణలపై వారు ఎటు నిలబడ్డారో చూడాలి. ఐక్యరాజ్యసమితి కొత్తగా అనుమతించాకే బలప్రయోగం చేయాలని, అది కుదరకపోతే అధ్యక్షుడు మళ్లీ కాంగ్రెస్ దగ్గరికి రావాలని సెనేటర్ కార్ల్ లెవిన్ ఒక సవరణ తెచ్చారు. అది 24–75 ఓట్లతో వీగిపోయింది. తన ఓటు దౌత్యానికి బలం చేకూర్చడానికేనని తరువాత చెప్పుకున్న అప్పటి సెనేటర్ హిల్లరీ క్లింటన్, ఆ సవరణకు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఈ ఒక్క అంశమే వంద టీవీ చర్చలకంటే ఎక్కువ చెబుతుంది. సెనేట్ వెబ్‌సైట్‌లో తుది తీర్మానంపై జరిగిన 2002 సంవత్సరపు 237వ ఓటు తీస్తే ఎవరు ఎటు ఉన్నారో పేర్లతో సహా కనిపిస్తుంది. సవరణల జాబితా కూడా ఆ పక్కనే దొరుకుతుంది.

తరువాత ఒక కాగితంపై రెండు వరుసలు గీయండి. పై వరుసలో నాయకుడి మాటలూ ఓట్లూ తేదీలతో రాయాలి. కింది వరుసలో ఆయా తేదీల నాటికి లోకానికి తెలిసిన సంగతులు రాయాలి. 2003 మార్చిలో దాడి మొదలైంది, ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది, మే 1న బుష్ విమానవాహక నౌకపై నిలబడి ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించారు. ఇరాక్ దాచిందని చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాల కోసం వెతికిన బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ కే, 2004 జనవరిలో సెనేట్ కమిటీ ఎదుట, ఆ ఆయుధాల విషయంలో దాదాపు అందరమూ పొరబడ్డామని చెప్పారు. ఏప్రిల్‌లో అబూ గ్రైబ్ జైలులో ఇరాకీ ఖైదీలను అమెరికన్ సైనికులు హింసిస్తున్న ఫోటోలు బయటపడ్డాయి. 2006 ఫిబ్రవరిలో ఇరాక్‌లోని సమర్రాలో షియాల దర్గాపై పేలుడు తరువాత మతవర్గాల మధ్య హింస చెలరేగింది. పై వరుసలోని మార్పు కింది వరుసలోని కొత్త సంగతి వెనుకే వచ్చిందా, లేక ఎన్నికల తేదీకి దగ్గరగా వచ్చిందా అన్నది చూడాలి. రెండూ ఒకేసారి రావడం కూడా మామూలే. అలాంటప్పుడు తొందరపడి ఉద్దేశాలు అంటగట్టకపోవడం మంచిది.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష, 2004 అధ్యక్ష ఎన్నికల్లో బుష్‌పై పోటీచేసిన డెమోక్రటిక్ సెనేటర్ జాన్ కెరీ ఉదంతం. 2002లో ఆయన తీర్మానానికి అనుకూలంగా ఓటు వేశారు. 2003 అక్టోబరులో ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల కోసం 8,700 కోట్ల డాలర్ల బిల్లు వచ్చినప్పుడు వ్యతిరేకంగా ఓటు వేశారు. 2004 మార్చిలో వెస్ట్ వర్జీనియాలోని ఒక సభలో దీని గురించి వివరణ ఇస్తూ, ఆ డబ్బుకు వ్యతిరేకంగా ఓటు వేయడానికి ముందు నిజానికి అనుకూలంగా ఓటు వేశానన్నారు. బుష్ ప్రచార బృందానికి అంతకన్నా కావలసింది ఏముంది? ఆ వాక్యాన్ని వెంటనే ప్రకటనలో పెట్టారు; ఆ తరువాత, కెరీ తెరచాప పలకపై అటూ ఇటూ తిరుగుతున్న దృశ్యాలతో, గాలి ఎటు వీస్తే అటు పోయే మనిషని ఇంకో ప్రకటన తీశారు.

వాక్యం ఘోరంగా ఉంది, సందేహం లేదు. అయితే దాని వెనుక ఉన్నవి రెండు వేర్వేరు ఓట్లు. సంపన్నులకు ఇచ్చిన పన్ను తగ్గింపులో కొంత వెనక్కి తీసుకుని ఆ సొమ్మును సమకూర్చాలన్న సవరణను కెరీ సమర్థించారు; అది ఓడిపోయాక, అప్పు చేసి ఖర్చుపెట్టే బిల్లును వ్యతిరేకించారు. ఇరాక్ పునర్నిర్మాణానికి ఇచ్చే డబ్బులో కొంత రుణంగా ఉండాలని కాంగ్రెస్ పట్టుబడితే వీటో చేస్తానని బుష్ ప్రభుత్వం సైతం బెదిరించింది. అంటే బిల్లు ఒక రూపంలో సమ్మతం, మరో రూపంలో కాదు అన్న వైఖరి ఇద్దరిదీ. ఇంతవరకు కెరీకి అనుకూలమైన లెక్క. ఇక అవతలి వైపు: ఆ శరదృతువులో డెమోక్రటిక్ అభ్యర్థిత్వపు పోటీలో యుద్ధ వ్యతిరేకి హొవార్డ్ డీన్ దూసుకుపోతున్నారు, పార్టీ కార్యకర్తలు ఆయన వెంట నడుస్తున్నారు. ఆ నీడ కెరీ ఓటుపై పడలేదని నేను అనుకోను. కాబట్టి ప్రకటన చెప్పినంత గాలివాటం మనిషి కాదు, ఆయన వివరణ చెప్పినంత నిలకడా లేదు. ఒక నినాదం విన్నప్పుడల్లా దాని వెనుక ఎన్ని ఓట్లు ఉన్నాయో లెక్కపెట్టుకోవడం ఇక్కడి నుంచి నేర్చుకోవలసిన అలవాటు.

నాలుగో ప్రశ్న: మాట మార్చినందుకు ఆ మనిషి ఏమి పోగొట్టుకున్నాడు? నార్త్ కరోలినాకు చెందిన రిపబ్లికన్ వాల్టర్ జోన్స్, ఇరాక్‌పై దాడిని ఫ్రాన్స్ వ్యతిరేకించిందన్న కోపంతో 2003 మార్చిలో ప్రతినిధుల సభ క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్‌కు ఫ్రీడమ్ ఫ్రైస్ అని పేరు మార్పించినవారిలో ఒకరు. ఆయన నియోజకవర్గంలో క్యాంప్ లజూన్ అనే పెద్ద మెరైన్ స్థావరం ఉంది. అక్కడి ఒక సైనికుడి అంత్యక్రియలకు వెళ్లి వచ్చాక మనసు మారడం మొదలైందని ఆయనే చెప్పారు; చనిపోయిన సైనికుల కుటుంబాలకు వేల ఉత్తరాలు రాశారు. 2005లో, తన పార్టీ అధ్యక్షుడే యుద్ధం నడుపుతుండగా, సేనల ఉపసంహరణకు కాలపట్టిక కోరే తీర్మానంలో డెమోక్రాట్లతో చేతులు కలిపారు. సొంత పార్టీ నుంచే 2008లో ప్రత్యర్థి వచ్చాడు. జోన్స్ గెలిచారు గాని, ఆ సంగతి ముందే తెలియదు కదా. దీనికి పక్కన జాన్ ఎడ్వర్డ్స్‌ను పెట్టి చూడండి. తీర్మానానికి సహ ప్రతిపాదకుడిగా ఉన్న ఆయన 2005 నవంబరులో ఒక పత్రికలో తాను పొరబడ్డానని సూటిగా రాశారు. మాట నిజాయితీగానే ఉంది. అయితే అప్పటికి ఆయన సెనేట్‌లో లేరు, 2008 అధ్యక్ష పదవి పోటీ వైపు చూస్తున్నారు, ఆయన డెమోక్రటిక్ పార్టీ ఓటర్లు అప్పటికే ఆ అభిప్రాయానికి వచ్చేశారు. ఒప్పుకోలు విలువ సున్నా అనను, జోన్స్ చేసినదానితో మాత్రం సమానం కాదు.

ఇంతకన్నా గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ నాయకుడు తన పాత మాటను ఒప్పుకుంటున్నాడా, చెరిపేస్తున్నాడా? క్లింటన్ చాలాకాలం సాగదీసి, 2014లో ఆత్మకథలో పొరపాటును ఒప్పుకున్నారు. ఆలస్యమే, అయినా నమోదైంది. డొనాల్డ్ ట్రంప్ 2016 ప్రచారంలో తాను యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించానని పదేపదే అన్నారు. 2002 సెప్టెంబరులో హొవార్డ్ స్టెర్న్ రేడియో కార్యక్రమంలో ఇరాక్‌పై దాడికి అనుకూలమా అని అడిగితే, అవుననే అనుకుంటానన్న అర్థంలో ఆయన ఇచ్చిన జవాబు రికార్డులో ఉంది. 2002లో తీర్మానానికి అవునని ఓటు వేసిన జో బైడెన్ 2019లో, యుద్ధం మొదలైన క్షణం నుంచే వ్యతిరేకించానని చెప్పి, తరువాత తప్పుగా మాట్లాడానని ఒప్పుకోవలసి వచ్చింది. నా దృష్టిలో మాట మార్చడం కన్నా, మార్చలేదని బొంకడమే పెద్ద దోషం. మార్పుకు కారణం చెప్పినవాణ్ణి ప్రశ్నించవచ్చు, మార్పే లేదన్నవాడితో వాదించడానికి ఏమీ మిగలదు.

ఈ ప్రశ్నలన్నీ మీకు నచ్చిన నాయకుడిపైనా ప్రయోగించాలి. కెరీని ఎగతాళి చేసిన బుష్, 2000 ఎన్నికల చర్చలో, సైన్యాన్ని ఇతర దేశాల పునర్నిర్మాణానికి వాడకూడదన్నారు; తరువాత ఇరాక్‌లో జరిగింది అదే. 2002లో చికాగో సభలో ఇరాక్ యుద్ధాన్ని బుద్ధిలేని యుద్ధమన్న బరాక్ ఒబామా, సెనేట్‌లోకి వచ్చాక కొంతకాలం ఆ యుద్ధ నిధుల బిల్లులకు ఓటు వేశారు.

అభ్యాసానికి ఇద్దరిని సూచిస్తాను: డెమోక్రాట్ చక్ షూమర్, రిపబ్లికన్ సూసన్ కాలిన్స్. ఇద్దరూ 2002లో అవునన్నారు. 2023 మార్చి 29న ఆ తీర్మానాన్ని రద్దు చేయాలని సెనేట్ 66–30 ఓట్లతో నిర్ణయించినప్పుడు ఇద్దరూ మళ్లీ అవునన్నారు. షూమర్ అయితే అప్పటికి మెజారిటీ నాయకుడు. ఈ ఇద్దరికీ రెండు వరుసల కాగితం గీసి, మధ్య 20 ఏళ్లలో వారు ఇచ్చిన కారణాలు నింపి చూడండి; పేర్ల పక్కన పార్టీ రాయడం మాత్రం చివరికి వాయిదా వేయండి.