ప్యాచ్ ఎంతకీ నీలంగానే వస్తోందా? బ్యారెల్‌ని అనుమానించే ముందు రాడ్ చివర చూడండి

ఇంట్లో వాడే అమ్మోనియా క్లీనర్‌తో రైఫిల్ బ్యారెల్‌లో తూటాల నుంచి పేరుకున్న రాగి పోతుందేమో చూద్దామని మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఒకే చోట ఇరుక్కుంటారు. ప్యాచ్ (బ్యారెల్ తుడిచే గుడ్డముక్క) నీలంగా వస్తుంది, మళ్లీ తడిపి రాడ్‌తో తోస్తారు, మళ్లీ నీలమే, సాయంత్రం దాకా అదే వరస. చివరికి క్లీనర్ అద్భుతంగా పనిచేస్తోందనో, బ్యారెల్ పాడైపోయిందనో తేల్చేస్తారు. రాడ్ చివర బిగించింది ఏ లోహమో మాత్రం చూడరు.

ప్యాచ్ నీలంగా వస్తూనే ఉంటే

గాలి తగిలే చోట అమ్మోనియా రాగిని కరిగిస్తుంది, కరిగిన రాగి వల్లే ఆ ముదురు నీలం. అయితే ఇత్తడిలోనూ కంచులోనూ ఎక్కువ భాగం రాగే. మీ జాగ్ (రాడ్ చివర ప్యాచ్‌ని పట్టి ఉంచే ముక్క) ఇత్తడిదీ, బ్రష్ తీగలు కంచువీ అయితే, ప్యాచ్ మీద కనిపించే నీలం బ్యారెల్‌లోంచి వచ్చిందో మీ పనిముట్ల నుంచి వచ్చిందో ప్యాచ్ చూసి చెప్పడం అసాధ్యం. బ్యారెల్ ఎప్పుడో శుభ్రపడిపోయి ఉండొచ్చు, మీరు తోమే కొద్దీ బ్రష్ అరుగుతూ రంగు వదులుతూ ఉండొచ్చు.

తేల్చుకోవడం చాలా తేలిక. జాగ్‌ని శుభ్రంగా తుడిచి, తడి ప్యాచ్ చుట్టి, బ్యారెల్ జోలికి పోకుండా పావుగంట బయటే ఉంచండి. నీలం తిరిగిందా, తప్పు జాగ్‌దే. బ్రష్‌ని కూడా ఇలాగే చూడండి. నైలాన్ బ్రష్ కొన్నాం కదా అని ధీమాగా ఉండకండి, కుచ్చు నైలాన్‌దే అయినా మధ్యలో మెలితిప్పిన తీగ, రాడ్‌కి బిగించే మర ఇత్తడివి కావచ్చు.

ఇంకో మాయ సీసాలో ఉంటుంది. కంచు బ్రష్‌ని నేరుగా సీసాలో ముంచితే రాగి ఆ ద్రవంలోనే కరుగుతుంది, ఇక ఆ సీసాలోంచి తీసిన ప్రతి ప్యాచ్ బ్యారెల్‌లోకి వెళ్లకముందే రంగు అంటుకుని ఉంటుంది. కావలసినంత చిన్న గిన్నెలో పోసుకుని వాడండి, మిగిలింది తిరిగి సీసాలో పోయకండి.

ఇక పరిష్కారం: అమ్మోనియా తగిలే పనికి ప్లాస్టిక్ జాగ్, మధ్య తీగ కూడా రాగి లేనిదైన నైలాన్ బ్రష్ వాడండి. కంచు బ్రష్‌ని మసి వదిలించే పనికే ఉంచి, అమ్మోనియా వేసే ముందు బ్యారెల్‌ని పొడి ప్యాచ్‌లతో బాగా తుడవండి. ఇంత చేశాక కూడా నీలం వస్తే అది బ్యారెల్‌లోని రాగే, ఓపిగ్గా కొనసాగించండి.

ప్యాచ్ తెల్లగా వస్తోంది, మజిల్ (బ్యారెల్ మూతి) దగ్గర రాగి మాత్రం మెరుస్తోంది

మీరు పోసింది అమ్మోనియా లేని క్లీనర్ అయ్యుంటుంది, అద్దాలు తుడిచేవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. లేబుల్ చదవండి. లేదా మెరిసేలా గీకిన రాగి తీగ ముక్కని మూత లేని గిన్నెలో ఆ ద్రవంలో రాత్రంతా ఉంచండి. నీలం తిరగకపోతే ఆ ద్రవం రాగిని వదిలించడానికి పనికి రాదు. లేబుల్ సరిగానే ఉంటే, రాగి మీద మసి పొర గట్టిగా పట్టి ఉందన్నమాట, ముందు మసి వదిలించాలి.

తుడిచిన మర్నాడే తుప్పు

ఈ క్లీనర్లలో ఎక్కువ భాగం నీళ్లే. అమ్మోనియా ఆవిరైపోతుంది, నీళ్లు ఉక్కు మీద మిగులుతాయి. అందుకే బ్యారెల్‌ని నింపేసి రాత్రంతా వదిలేయడం వద్దు. వెంటనే పొడి ప్యాచ్‌లు, తర్వాత నూనె. పాత రకం పొటాషియం క్లోరేట్ ప్రైమర్లు (తూటాలోని మందుని అంటించే భాగాలు) ఉన్న తూటాలు కాల్చినప్పుడు మిగిలే ఉప్పుని అమ్మోనియా విరిచేస్తుందని చాలామంది నమ్ముతారు, నిజానికి ఆ ఉప్పుని కరిగించి తీసేది నీళ్లే. వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, నూనె రాయండి, చాలు.

బ్లీచ్, టాయిలెట్ యాసిడ్ అసలు దగ్గరికే రానీయకండి. రెండూ ఉక్కుని తినేస్తాయి, పైగా బ్లీచ్ అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. వెనిగర్ బ్లూయింగ్‌ని, అంటే ఉక్కు మీది నీలి నలుపు పూతని, లేపేస్తుంది. వెనిగర్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, బ్యారెల్‌లో అంటిన సీసం మీద పోస్తే ఆ సీసం విషపు ద్రావణంగా మారుతుంది, అది చేతికి అంటినా, సింకులో పారబోసినా ప్రమాదమే.

బ్యారెల్ లోపలి గాడులు అరిగిపోయాయేమో, గుంటలు పడ్డాయేమో అనే అనుమానం చివరికి ఉంచండి. పైవన్నీ చూశాకే బోర్‌స్కోప్ (బ్యారెల్ లోపలికి చూసే సన్నని పరికరం) జోలికి వెళ్లండి.