బండి రంగు మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోవడం ఎలా? ఫైనాన్స్ కాగితం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతున్నారు

ఆర్‌సీలో ఎరుపు అని ఉండి, రోడ్డు మీద బండి నల్లగా కనిపిస్తే తనిఖీలో మొదట వచ్చే అనుమానం దొంగ బండి అని. నెల్లూరు మినీ బైపాస్ మీదో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఆపినప్పుడు "రంగు నేనే వేయించాను సార్" అంటే సరిపోదు, కాగితం చూపించాలి. ఆ కాగితం తెచ్చుకోవడం నిజానికి పెద్ద పనేం కాదు. కానీ దానికోసం వెళ్లిన కుర్రాళ్లు కౌంటర్ నుంచి వెనక్కి రావడం, బయట ఎవరో "అన్నా, డబ్బులియ్యి, రంగూ సైలెన్సరూ రెండూ ఆర్‌సీలో ఎక్కించి ఇస్తా" అంటే నమ్మి ఇచ్చేయడం చూస్తూనే ఉన్నాను. అందుకే ఈ వివరాలు.

సైలెన్సర్ సంగతి ముందే తేల్చేద్దాం. ఆర్‌సీలో సైలెన్సర్ అనే గడే లేదు. లేని గడిలో ఎవరూ ఏమీ ఎక్కించలేరు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే, ఇవ్వకండి. షాపువాళ్లు ఇచ్చే బిల్లు కొన్నట్టు రుజువు మాత్రమే, అనుమతి కాదు. బయటి కంపెనీల సైలెన్సర్లు చాలావాటికి డబ్బా మీదే రేసింగ్ ట్రాక్‌కు మాత్రమే అని రాసి ఉంటుంది, కొనేముందు అది చదవండి. 2020 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎగ్జాస్ట్‌లోనే ఉంటుంది. ఫుల్ సిస్టమ్, అంటే ఇంజిన్ దగ్గర్నుంచి చివరిదాకా ఎగ్జాస్ట్ మొత్తం మార్పిస్తే అదీ పోతుంది. అప్పుడు శబ్దంతో పాటు పొగ కేసు కూడా వస్తుంది.

జరిమానా చిన్నదేం కాదు. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190 సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా పడొచ్చు, మూడు నెలలు లైసెన్స్ కూడా పోతుంది. విశాఖలో పోలీసులు ఊడబెరికిన సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించారు. పెట్టిన డబ్బు అలా రోడ్డు పాలవడం ఎవరికైనా బాధే.

రంగు విషయం వేరు. దాన్ని ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు. అదే చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలోని వివరాలకూ బండికీ తేడా ఉండకూడదంటుంది. ముందు దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత రంగు వేయించడం మంచి పద్ధతి. ఇప్పటికే వేయించేసి ఉంటే 14 రోజుల్లోగా మీరు ఉండే ప్రాంతపు ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు తెలియజేయాలి. గడువు దాటిపోయినా దాచిపెట్టుకోకండి, మీ అంతట మీరు వెళ్లి చెప్పుకోవడం రోడ్డు మీద దొరకడం కన్నా ఎప్పుడూ మేలే. ఆర్‌సీలో ఉన్న రంగే మళ్లీ కొత్తగా వేయిస్తే ఏ దరఖాస్తూ అక్కర్లేదు. ట్యాంకు మీద చిన్న స్టిక్కర్‌కూ అక్కర్లేదు. బండి మొత్తానికి వేరే రంగు షీటు అతికించి ర్యాప్ చేయిస్తే మాత్రం అది రంగు మార్పు కిందికే వస్తుంది.

ఒక్క రంగు జోలికి మాత్రం పోకండి, ఆలివ్ గ్రీన్. మిలిటరీ లుక్ కావాలని చాలామంది అడుగుతున్నారు గానీ, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ఆ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది.

దరఖాస్తు మామూలుగానే ఉంటుంది. రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల్లో బండి నంబరు, చాసిస్ నంబరులో చివరి అయిదు అంకెలు కొట్టి, ఆల్టరేషన్ ఆఫ్ వెహికల్ ఎంచుకుని, కొత్త రంగు పేర్కొని, ఫీజు కట్టి, రసీదు దాచుకోండి. ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఓటీపీ రాకపోతే రికార్డులో ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి. బండి కొన్నప్పుడు షోరూమ్ వాళ్లదో, ఏజెంట్‌దో ఇచ్చిన కేసులు చాలా ఉన్నాయి. ముందు ఆ నంబరు మార్పించుకోవాలి. సెకండ్ హ్యాండ్ బండి ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంటే, మీ పేరుకు మార్పించుకున్నాకే రంగు సంగతి.

ఏపీ 26, ఏపీ 27 నంబర్లు చూస్తే నెల్లూరుదో ప్రకాశందో తెలిసిపోయేది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి జిల్లా చెప్పలేం. ఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో ఆర్‌సీలోనే చూసుకోవాలి.

అసలు చిక్కు ఫైనాన్స్ దగ్గర

వెనక్కి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అడ్డుపడేది ఆర్‌సీలో ఉండే హెచ్‌పీ ఎంట్రీ, అంటే అప్పిచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు. అప్పు తీరని బండికి ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అంగీకారం లేనిదే మార్పు కుదరదు. నోటి మాట, వాట్సాప్ మెసేజ్ చెల్లవు. షోరూమ్‌లో ఈఎంఐ వసూలు చేసే అబ్బాయి రాసిచ్చిన చీటీ కూడా చెల్లదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద బండి నంబరు, చాసిస్ నంబరు, పాత రంగు, కొత్త రంగు స్పష్టంగా రాసి, అభ్యంతరం లేదని సంతకం, స్టాంపు వేసి ఇవ్వాలి. కొత్త రంగు పేరు రాయకుండా ఊరికే అభ్యంతరం లేదని ఇస్తే మళ్లీ తిరగాల్సి వస్తుంది. అక్కడే నిలబడి రాయించుకోండి.

అప్పు తీర్చేసినవాళ్లు ఇంకా ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు. "కంతులన్నీ కట్టేశాను, ఎన్‌ఓసీ బీరువాలో ఉంది, ఇంకేం కావాలి" అని వస్తారు. ఎన్‌ఓసీ, అంటే అప్పు తీరింది, అభ్యంతరం లేదని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే కాగితం, బీరువాలో ఉన్నంతకాలం ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంటుంది. కొన్ని బ్యాంకులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో తీసేస్తున్నాయి గానీ అన్నీ కాదు. ఎన్‌ఓసీతో పాటు అప్పు ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35ను ఫైనాన్స్ వాళ్ల సంతకంతో రెండు ప్రతులు పెట్టి హెచ్‌పీ క్యాన్సిల్ చేయించుకోవాలి. అది అయ్యాకే రంగు దరఖాస్తు సాఫీగా నడుస్తుంది. ఎన్‌ఓసీ మీద గడువు రాసి ఉందేమో చూడండి, దాటి ఉంటే కొత్తది అడగండి. ఇంటిపేరు, ఇనీషియల్, చాసిస్ నంబరు అక్షరం అక్షరం ఆర్‌సీతో సరిచూసుకోండి.

మన జిల్లాల్లో ఇంకో ముడి ఉంది. 2020కి ముందు ఆంధ్రా బ్యాంకులో అప్పు తీసుకుని కొన్న బండ్ల ఆర్‌సీలో ఆ పేరే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి ఎన్‌ఓసీ యూనియన్ బ్యాంకు పేరుతో వస్తుంది. సిండికేట్ బ్యాంకు అదే రోజు కెనరాలో కలిసింది. రెండు పేర్లు కలవలేదని ఆపితే కంగారు పడకండి. విలీనం సంగతి ఎన్‌ఓసీలోనే ఒక వాక్యంగా రాసివ్వమని బ్రాంచిలో అడగండి. అప్పు ఖాతా వివరాలు బ్యాంకు దగ్గరే ఉంటాయి, మీ కాగితం చెల్లకుండా పోలేదు.

ఈ ఆలస్యంలోనే బ్రోకర్ దూరతాడు, ఎన్‌ఓసీ తానే తెస్తానంటాడు. దయచేసి ఒప్పుకోకండి. దొంగ ఎన్‌ఓసీ పెడితే దరఖాస్తు మీద ఉండేది మీ పేరు, మీ సంతకం. ఫోర్జరీ కేసు వచ్చేదీ మీ మీదే, ఆరోజు అతను ఫోన్ కూడా ఎత్తడు.

బండి చూపించే రోజు

ఆర్టీఏ ఆఫీసులో బండిని తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రంగుతో పాటు చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తారు. ఫ్రేమ్‌కు కూడా రంగు లేదా పౌడర్ కోటింగ్ వేయించినప్పుడు చెక్కిన అంకెలు పూడిపోతాయి. రంగు వేసేముందే అక్కడ టేప్ అతికించమని పెయింటర్‌కు గట్టిగా చెప్పండి. పూడిపోతే థిన్నర్‌తో మెల్లగా తుడిపించండి, ఉప్పు కాగితంతో రుద్దనివ్వొద్దు. అంకె ఒక్కటి అరిగినా నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది, అది రంగు కన్నా పెద్ద తలనొప్పి. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు లాక్ విరగ్గొట్టకుండా చూసుకోమని కూడా చెప్పండి. బయటి సైలెన్సర్ బిగించి ఉంటే విప్పించి కంపెనీది పెట్టించుకునే వెళ్లండి, అందుకే బండితో వచ్చిన ఆ సైలెన్సర్‌ను తూకానికి అమ్మేసుకోకండి.

మంజూరయ్యాక డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ఆర్‌సీ తెరిచి కొత్త రంగు వచ్చిందో లేదో చూడండి. తనిఖీలో అది చూపించినా చెల్లుతుంది. ఆ కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ చేసి, అందినట్టు జవాబు తీసుకోండి. రంగు ఒక్కటే మారితే ప్రీమియం పెరుగుతుందని భయపడాల్సిన పని లేదు.