స్ట్రీట్ ఫైటర్ 2 పాఠాలు – మూడో భాగం: హడోకెన్ ఎక్కడ నిలబడి వేయాలి

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం పూర్తయిందనుకుంటాను. తెరకు ఎడమవైపు నిలబడి పది, కుడివైపు నిలబడి పది హడోకెన్లు, అంటే చేతుల నుంచి బంతిని వదిలే దెబ్బలు, తడబడకుండా వేయగలగాలి. కిందికి, కింది మూలకు, ముందుకు, పంచ్. ఇది చేతికి ఇంకా పట్టుబడకపోతే ఈ పాఠాన్ని రెండు రోజులు వాయిదా వేయండి. ఈసారి మన ధ్యాసంతా కళ్ల మీద ఉండాలి. జాయ్‌స్టిక్ ఎటు తిప్పాలా అని ఆలోచిస్తున్నంతసేపూ ఎదుటివాడు మనకు కనిపించడు.

1991లో క్యాప్‌కామ్ విడుదల చేసిన తొలి రూపంలో ర్యూ, కెన్ అనే రెండు పాత్రల దెబ్బలు దాదాపు ఒక్కటే. కాబట్టి ఆ రూపం ఆడేవారు ఇక్కడ ర్యూ అన్నచోటల్లా కెన్ అని కూడా చదువుకోవచ్చు. తర్వాతి రూపాలలో ఇద్దరూ క్రమంగా వేరుపడ్డారు. అయినా ఈ పాఠంలోని అసలు సంగతి ఏ రూపంలోనైనా నిలుస్తుంది.

ముందుగా ఒక ప్రశ్న. ర్యూ అరచేతుల మధ్య నుంచి వెలువడే ఆ నీలి బంతి దేనికోసం?

ఎదుటివాడికి తగలడానికి అని చాలామంది చెబుతారు. నేనూ చాలాకాలం అలాగే ఆడాను. కంప్యూటర్‌తో ఆడినంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఒక స్నేహితుడితో ఆడడం మొదలుపెట్టాను. అతను ప్రతిసారీ నా బంతి మీదుగా దూకి వచ్చి నెత్తిన తన్నేవాడు. ఇంకా వేగంగా వేయాలేమో అనుకొని బటన్‌ను మరింత గట్టిగా నొక్కేవాణ్ని. నేను నిలబడిన చోటే తప్పని తెలియడానికి నాకు నెలలు పట్టింది. మీకు అన్ని నెలలు పట్టకూడదనే ఈ పాఠం రాస్తున్నాను.

హడోకెన్ ఉన్నది ఎదుటివాణ్ని నేల విడిచేలా చేయడానికి. తగిలితే అది అదనపు లాభం.

నేల మీద ఉన్న మనిషి చేతిలో చాలా ఉన్నాయి. జాయ్‌స్టిక్‌ను వెనక్కి పట్టుకొని దెబ్బను కాచుకోవచ్చు, ముందుకు నడవవచ్చు, కూర్చోవచ్చు, ఆగి చూడవచ్చు. ఒకసారి గాలిలోకి లేచాడంటే ఇవన్నీ పోతాయి. ఈ ఆటలో గాలిలో దెబ్బ కాచుకోవడం లేదు. ఎగిరాక దిశ మార్చుకోవడం కూడా లేదు. గోడను తన్ని తిరిగి రాగల చున్-లీ వంటి ఒకరిద్దరిని పక్కనపెడితే, పాదం నేలను విడిచిన క్షణంలోనే అతను ఎక్కడ దిగబోతున్నాడో ఇద్దరికీ తెలిసిపోతుంది. విసిరిన రాయికీ అతనికీ తేడా ఒక్కటే, అతను దిగుతూ ఒక తన్ను తన్నగలడు. ఆ తన్నుకు మన దగ్గర జవాబు ఉంది, పైకి ఎగురుతూ కొట్టే పంచ్ షోర్యుకెన్. షోర్యుకెన్ పైకి లేచే మొదటి క్షణాల్లో ర్యూకు ఏ దెబ్బా తగలదు. అది చేతికి రాని రోజున కూర్చొని వేసే బలమైన పంచ్ చాలావరకు ఆ పని చేసిపెడుతుంది.

అతను ఎందుకు దూకాలి, కాచుకుంటూ కూర్చోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కాచుకున్న ప్రతి హడోకెనూ అతని ప్రాణాల గీతలోంచి కొంచెం గీసుకుపోతుంది. తెర మీద 99 నుంచి గడియారం దిగిపోతూ ఉంటుంది. మీరు ఒక్క దెబ్బ ముందున్నా చాలు, ఏదో ఒకటి చేయవలసిన అవసరం అతనిది అవుతుంది.

బంతికి ఉన్న మూడు కట్టుబాట్లు

ఒకటి, బంతి చేతులు దాటాక కూడా ర్యూ కొంతసేపు చేతులు చాపి అలాగే ఉండిపోతాడు. ఆ సమయంలో కదలలేడు, కాచుకోలేడు. హడోకెన్‌కు మనం చెల్లించే మూల్యం ఇదే. రెండు, ఏ పంచ్ నొక్కామన్నదాన్ని బట్టి బంతి వేగం మారుతుంది. బలహీనమైన పంచ్‌కు నెమ్మదిగా, బలమైన పంచ్‌కు వేగంగా పోతుంది.

మూడోదాన్ని ఆటగాళ్లు చూస్తూనే ఉంటారు కానీ పట్టించుకోరు. మీ బంతి తెర మీద ఉన్నంతసేపూ మీరు రెండో బంతి వేయలేరు. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది. కానీ ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైనది ఇదే. దీనివల్ల వేగం, దూరం, సమయం మూడూ ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

ఎలాగో చూడండి. తెర ఈ చివర నుంచి ఆ చివర ఉన్నవాడి మీదికి నెమ్మదైన బంతి వేశారు. అది నత్తలా పోతోంది. అది అతన్ని తాకేవరకు, లేదా తెర దాటేవరకు మీకు ఇంకో బంతి లేదు. అదే వేగమైన బంతి అయితే త్వరగా ముగిసిపోతుంది, మీ చేయి మళ్లీ నిండుతుంది. దగ్గరగా ఉన్నవాడి మీద వేసిన బంతి ఇంకా త్వరగా ముగుస్తుంది. అంటే దగ్గరవుతున్నకొద్దీ మీరు వేయగల బంతులు పెరుగుతాయి, అపాయమూ పెరుగుతుంది.

అలాగని నెమ్మదైన బంతి పనికిరానిదేమీ కాదు. అది వెళ్తున్నంతసేపూ మీ కాళ్లు ఖాళీగా ఉంటాయి. దాని వెనకే నడవండి. ఇప్పుడు ఎదుటివాడి ముందు ఒక బంతి, ఒక మనిషి కలిసి వస్తున్నారు. దూకితే అతను దిగేది మీ ముందు. కాచుకుంటే ఆ కాచుకునే సమయంలో మీరు ఇంకో నాలుగు అడుగులు సంపాదిస్తారు. నిట్టనిలువుగా ఎగిరి బంతిని దాటేస్తే, అతను దిగేచోట కూర్చొని వేసే బలమైన కిక్‌తో కాళ్లు ఊడ్చేయవచ్చు. ఆట మొదలుపెట్టినవారు వేగమైన బంతినే మంచి బంతి అనుకుంటారు. అనుభవం ఉన్నవాడు నెమ్మదైన బంతి వేసి నడిచి వస్తుంటే నాకు ఇప్పటికీ గుండె వేగం పెరుగుతుంది.

చూసి దూకినవాడు, ఊహించి దూకినవాడు

పాఠంలో అసలు భాగం ఇది. నెమ్మదిగా చదవండి.

ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల, అంటే తెర మీద వరసగా మారే 60 బొమ్మల, వేగంతో నడుస్తుంది. కంటికి కనిపించినదానికి చేయి స్పందించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది, అంటే 15 ఫ్రేములు. ర్యూ చేతులు వెనక్కి తీసుకోవడం చూసి, అది హడోకెన్ అని గుర్తించి, జాయ్‌స్టిక్‌ను పైకి నెట్టేసరికి ఆ 15 ఫ్రేములు గడిచిపోతాయి. ఆ తర్వాత అతను ఎగరాలి, గాలిలో ప్రయాణించాలి, దిగుతూ తన్నాలి. ఈలోగా ర్యూ చేతులు దించేసి సిద్ధమైపోతాడు. అప్పుడు షోర్యుకెన్‌కు సమయం ఉంటుంది.

బంతి ఇంకా వేయకముందే, ఇప్పుడు వేస్తాడు అని ఊహించి దూకినవాడి సంగతి వేరు. అతనికి ఆ 15 ఫ్రేముల ఆలస్యం లేదు. మీరు చేతులు చాపి ఉన్నప్పుడే అతని కాలు మీ తల మీద ఉంటుంది.

కాబట్టి ప్రతి దూకుడూ ఒకటి కాదు. చూసి దూకినవాడు ఆలస్యంగా వస్తాడు, ఊహించి దూకినవాడు సమయానికి వస్తాడు. ఈ రెంటినీ విడదీసేది దూరం. తెర చివరల్లో నిలబడి ఉన్నప్పుడు ఎలా దూకినా అతను మీ వరకు చేరడు. మరీ దగ్గర ఉన్నప్పుడు బంతి అతను చూసి స్పందించేలోపే తగులుతుంది కానీ, మీరు చేయి ఎత్తుతుండగానే అతను మీ కాళ్లు ఊడ్చేయవచ్చు. ఈ రెంటికీ మధ్య, అతని ముందు దూకుడు సరిగ్గా మీ మీద దిగే దూరం ఒకటి ఉంది. నేను దాన్ని దూకుడు గీత అంటాను. అక్కడి నుంచి బాగా దూరం జరిగితే మీ బంతికి పదును ఉండదు. దాన్ని దాటి లోపలికి వస్తే మీకు రక్షణ ఉండదు. హడోకెన్ బతికేది ఆ గీత చుట్టుపక్కలే.

ఆ గీత మీద నిలబడి మీరు వరసగా మూడు బంతులు ఒకే తాళంలో వేశారనుకోండి. నాలుగోదానికి అతను చూడనక్కరలేదు, తాళం వింటే చాలు. ఊహించి దూకుతాడు. మీ ఓటమికి కారణం బంతి కాదు, ఆ తాళం.

దీనికి విరుగుడు బంతి వేయకపోవడం. మూడు బంతులు వేసి, నాలుగోది వేయవలసిన క్షణంలో ఊరికే నిలబడండి. లేదా కూర్చొని ఒక చిన్న పంచ్ కొట్టండి. ర్యూ చేయి కదలడం చూసి అతని వేలు తొందరపడుతుంది. అతను లేని బంతి మీదుగా దూకుతాడు. మీరు ఖాళీగా, సిద్ధంగా ఉన్నారు. ఆ షోర్యుకెన్ తగిలాక జరిగేది చూడండి. తర్వాతి రెండు మూడు బంతులకు అతను దూకడు, నిలబడి కాచుకుంటాడు. ఇప్పుడు మళ్లీ వేసే హక్కు మీకు దొరికింది. వేసిన బంతులు వేయని బంతికి విలువ తెస్తాయి, వేయని బంతి వేయబోయేవాటికి దారి తీస్తుంది. రెండు పాత్రలు, ఒక బంతి, కాస్త ఖాళీ నేల ఉన్న ఆటలో ఇంత లోతు ఉండడం నన్ను ఇన్నేళ్లయినా వదలలేదు.

గీత లోపలికి వచ్చేస్తే

ఒక్కోసారి కాళ్లు తగిలేంత దగ్గరికి వచ్చేస్తాం. అక్కడ ఒంటరి హడోకెన్ వేయవద్దు. కూర్చొని మధ్య రకం కిక్ కొట్టి, అది తగిలిన క్షణంలోనే హడోకెన్ పూర్తి చేయండి. కిక్ తర్వాత కాలు వెనక్కి తీసుకునే కదలిక రద్దయిపోయి, దాని స్థానంలో బంతి వస్తుంది. కిక్ తగిలిన అదురులో ఉన్నవాడు దూకలేడు. కాచుకున్నా వెనక్కి జారుతాడు, బంతి ఇంకొంచెం నెడుతుంది. అంతా ముగిసేసరికి ఇద్దరి మధ్య దూరం మళ్లీ గీత దగ్గరికి వచ్చి ఉంటుంది. ఈ జంట దెబ్బకు ఉన్న విలువ అదే.

దెబ్బల్ని ఇలా గొలుసుగా కలపడం రూపకర్తలు మొదట తలపెట్టినది కాదు. 1987 నాటి తొలి స్ట్రీట్ ఫైటర్‌లో ప్రత్యేక దెబ్బలు వేయడం మహా కష్టం. రెండో ఆటలో వాటిని తేలిక చేయడానికి సమయంలో కొంత వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటులోంచే ఒక దెబ్బ మధ్యలో ఇంకో దెబ్బ మొదలయ్యే వీలు పుట్టింది. కారును పగలగొట్టే బోనస్ ఘట్టాన్ని పరీక్షిస్తున్నప్పుడు నిర్మాత నొరిటాకా ఫునమిజు దీన్ని గమనించారు. దాన్ని లోపంగా భావించి తీసేయకుండా ఆటలోనే ఉంచేశారు.

గైల్‌తో జాగ్రత్త

బంతికి బంతి వేసే పోరులో గైల్ అనే పాత్ర మీకంటే మెరుగు. రెండు బంతులు ఢీకొంటే రెండూ మాయమవుతాయి. కానీ తన బంతి అయిన సోనిక్ బూమ్ వేశాక అతను మీకంటే ముందే తేరుకుంటాడు. అదే తాళంలో పోటీ పడితే ఓడేది మీరే.

అయితే అతని కాళ్లను చూడండి. సోనిక్ బూమ్ వేయాలంటే ముందు కొంతసేపు జాయ్‌స్టిక్‌ను వెనక్కి పట్టి ఉంచాలి. ముందుకు నడిచే గైల్ దగ్గర ఆ క్షణంలో బూమ్ సిద్ధంగా లేదు. వేసిన వెంటనే కూడా లేదు, మళ్లీ మొదటి నుంచి పట్టి ఉంచాలి. మీరు అడుగు ముందుకు వేయవలసిన క్షణాలు ఇవే. ఇది మనిషి ఆడే గైల్‌కే వర్తిస్తుంది. కంప్యూటర్ ఆడించే గైల్‌కు ఆ పట్టి ఉంచే నియమం లేదు, నడుస్తూ నడుస్తూ కూడా వేసేస్తాడు. దూరం పాఠాన్ని కంప్యూటర్‌తో నేర్చుకోవద్దని నేను పట్టుపట్టేది ఇందుకే.

జాంగీఫ్ అనే పాత్రకు బంతి లేదు. అతను చేతులు చాపి గిర్రున తిరుగుతూ మీ బంతిని తన గుండా పోనిస్తాడు. అతను తిరగడం ముగిసేచోట మీ కాలు ఉండేలా చూసుకోండి. మిగతాది అతని పాఠంలో చెప్పుకుందాం.

ఈ వారం అభ్యాసం

ఇద్దరు ఆడే పద్ధతిలో ఒక మిత్రుడితో కూర్చోండి. 2018లో వచ్చిన ముప్ఫయ్యవ వార్షికోత్సవ సంపుటిలో హైపర్ ఫైటింగ్ రూపం ఉంది, అది చాలు.

మొదట గీతను కనుక్కోండి. మిత్రుడు తెర చివర నిలబడాలి. మీ బంతిని చూశాకే ముందుకు దూకాలి, ఊహించకూడదు. మీరు బంతి వేసి, అతను దూకితే షోర్యుకెన్‌తో ఆపాలి. ఐదుసార్లు ఆపగలిగితే ఒక అడుగు ముందుకు జరగండి. ఎక్కడో ఒకచోట మీ చేయి ఆలస్యం కావడం మొదలవుతుంది. అక్కడ ఆగి, మీ ఇద్దరి మధ్య ఇంకా ఎందరు ర్యూలు పక్కపక్కన నిలబడగలరో కంటితో కొలవండి. తెర కదులుతుంది కాబట్టి నేపథ్యంలోని వస్తువులను గుర్తుగా పెట్టుకోవద్దు.

తర్వాత అదే దూరంలో మిత్రుడికి ఊహించి దూకే అనుమతి ఇవ్వండి. మీకు వేయకుండా ఆగే అనుమతి ఉంది. పది నిమిషాలు వేరే ఏ దెబ్బా వాడవద్దు. మొదటి రోజు మీరు ఎక్కువగా తన్నులు తింటారు. అప్పుడు మీ తాళం ఏమిటో మిత్రుణ్ని అడగండి. మీకు తెలియని మీ అలవాటును అతను వెంటనే చెబుతాడు. నాది, రెండు బంతులు వేసి అర అడుగు వెనక్కి వేసి మూడోది వేయడం. అది నాకు ఎవరో చెప్పేదాకా తెలియదు.

చివరగా నెమ్మదైన బంతి వేసి దాని వెనకే నడవండి. మిత్రుడు ఏం చేసినా సరే, రెండో బంతి వేయకుండా అతని దగ్గరికి చేరుకోవాలి. పదిలో ఆరుసార్లు దెబ్బ తినకుండా చేరగలిగితే తర్వాతి పాఠానికి రండి. కింద పడినవాడు లేచే క్షణంలో ఏం చేయాలో అక్కడ మొదలుపెడదాం.