గ్రూపులో అమ్మాయిలు నిలవట్లేదా? ముందు చాయ్ దగ్గర ఏం జరుగుతోందో చూడండి

అక్టోబర్ వచ్చి హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కి, కోడ్ పంపే నెల పండగ) హడావుడి మొదలైందంటే చాలు, ఏదో ఒక కాలేజీ నుంచి నాకు ఈ ఫోన్ వస్తుంది. "అక్కా, మా లైనక్స్ గ్రూపుల అమ్మాయిలు ఉంటలేరు, ఏం చేయాలె?" (లైనక్స్ అంటే విండోస్ బదులు వాడే ఓపెన్ సోర్స్ సిస్టం.) నల్లగొండ నుంచి చేసినా, మిర్యాలగూడ నుంచి చేసినా, అటు జడ్చర్ల నుంచి చేసినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: వచ్చి మానేసినవాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేసి ఎందుకు మానేశారని అడిగారా? అవతల సప్పుడు ఉండదు. పోస్టర్ మార్చారు, టైం మార్చారు, స్టిక్కర్లు కొట్టించారు, మార్చి 8న వర్క్‌షాప్ పెట్టి కేక్ కూడా కోశారు. ఫోన్ మాత్రం చేయలేదు. బోరు నడవకపోతే మోటరు పైకి తీయించే ముందు స్టార్టర్ డబ్బా తెరిచి ఫ్యూజు చూస్తాం కదా, ఇక్కడ మాత్రం అందరూ నేరుగా మోటరే తీయిస్తారు.

కాబట్టి ఇది చదివే ముందు ఇద్దరికి ఫోన్ చేయండి. "మళ్లీ ఎప్పుడొస్తావ్" అని కాదు, "మా దగ్గర ఏది బాగాలేదు" అని అడగండి. మొదట "ఏం లేదక్కా, ఎగ్జామ్స్" అంటారు. ఇంకో నిమిషం లైన్‌లో ఉండండి, అసలు సంగతి అప్పుడు వస్తుంది.

లక్షణం: అసలు ఒక్క అమ్మాయి కూడా రాదు

అందరూ చెప్పే కారణం "వాళ్లకు ఇంట్రెస్ట్ లేదు". ఇది తప్పని తేలి చాలా ఏళ్లయింది. 2006లో గ్నోమ్ ప్రాజెక్టుకి, అదే లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్లకి, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (విద్యార్థులకు డబ్బిచ్చి ఓపెన్ సోర్స్ కోడ్ రాయించే ప్రోగ్రాం) కింద 181 దరఖాస్తులు వచ్చాయి. అందులో అమ్మాయిలవి సున్నా. వాళ్లు "ఇంట్రెస్ట్ లేదు" అని ఊరుకోకుండా, అదే ఎండాకాలం ఆడవాళ్ల కోసమే విడిగా మూడు సీట్లు ప్రకటిస్తే వంద దాకా దరఖాస్తులు వచ్చాయి, చివరికి ఆరుగుర్ని తీసుకున్నారు. ఇప్పుడు ఔట్‌రీచీ అని మనవాళ్లు కూడా అప్లై చేసే ఇంటర్న్‌షిప్ ప్రోగ్రాం మొదలు అక్కడే. ఆ వంద మంది ఆకాశం నుంచి ఊడిపడలేదు, మొదటి పిలుపు తమకోసం అని వాళ్లెవరూ అనుకోలేదు, అంతే.

ఇంకో లెక్క కూడా 2006దే. యూరప్‌లో చేసిన సర్వేలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ (ఓపెన్ సోర్స్ లాంటిదే) పనిలో ఆడవాళ్లు సుమారు 1.5 శాతం, కంపెనీల సాఫ్ట్‌వేర్ పనిలో 28 శాతం. తెలివి లేకనో చదువు లేకనో అయితే జీతమిచ్చే చోట కూడా ఉండకూడదు కదా. 2017లో గిట్‌హబ్ (కోడ్ పెట్టి కలిసి పనిచేసే సైటు) సర్వేలో కూడా ఓపెన్ సోర్స్‌లో ఆడవాళ్లు 3 శాతమే తేలారు. మన సీఎస్ఈ సెక్షన్లో లేచి నిలబడి ఒకసారి వెనక్కి చూడండి, సగం బెంచీల్లో అమ్మాయిలే.

పరిష్కారం: పోస్టర్ ఆపి, పేరు పెట్టి పిలవండి. "సాయంత్రం మీటింగ్ ఉంది, అందరూ రండి" అంటే ఎవరికీ చెప్పనట్టే. "నీ డీబీఎంఎస్ ప్రాజెక్టు చూశా, బాగుంది, శనివారం వచ్చి దాని గురించి పది నిమిషాలు చెప్తావా" అంటే వస్తారు. అమెరికాలో జరిగే పైకాన్‌లో, అదే పైథాన్ భాష వాడేవాళ్ల సభలో, 2011లో స్పీకర్లలో ఆడవాళ్లు ఒక్క శాతం, 2016కి 40 శాతం అయ్యారు. నిర్వాహకులు ఒక్కొక్కరికీ విడిగా రాసి, మాట్లాడమని అడిగారు.

లక్షణం: వాట్సాప్ గ్రూపులో చేరి వారంలో ఎగ్జిట్

రెండు వందల మంది గ్రూపులో చేరడమంటే రెండు వందల మందికి ఫోన్ నంబర్ ఇచ్చినట్టే. రాత్రి పదకొండుకి "హాయ్, నేను కూడా గ్రూపులనే ఉన్న" అని ఒకడు మొదలుపెడతాడు. ఆ అమ్మాయి మీకు చెప్పదు, ఇంట్లో అంతకన్నా చెప్పదు, ఇంట్లో తెలిస్తే ఫోన్ పోతుంది కాబట్టి. గమ్మున ఎగ్జిట్ కొడుతుంది.

పరిష్కారం: నంబర్ కనపడని చోటికి మారండి. టెలిగ్రామ్‌లో నంబర్ దాచుకోవచ్చు, జూలిప్, మ్యాట్రిక్స్ లాంటి చాట్‌లకైతే నంబర్‌తో పనే లేదు. ఇద్దరి పేర్లు, అందులో ఒక ఆడ పేరు, "ఇబ్బంది ఉంటే వీళ్లకు చెప్పండి" అని పైన పిన్ చేయండి. ఎవరైనా చెప్పిననాడు "వాడు మంచోడే, జోక్ చేసిండు" అనకుండా వాణ్ని తీసేయండి. మాట శ్రుతి మించితే షీ టీమ్స్ ఉన్నాయి, ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, అవి 2014 నుంచి నడుస్తున్నాయి, ఆ నంబర్ కూడా పిన్ చేయండి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు, ఈ రోజే చేయండి.

లక్షణం: ఉంటారు, కానీ కోడ్ దగ్గర కాదు

యాంకరింగ్ అమ్మాయి, బొకే ఇచ్చేది అమ్మాయి, సర్టిఫికెట్ల మీద పేర్లు రాసేది అమ్మాయి, "నీ హ్యాండ్‌రైటింగ్ బాగుంటది" కాబట్టి. ఆర్నెల్ల తర్వాత చూస్తే అబ్బాయిల గిట్‌హబ్ పేజీ పచ్చగా (కోడ్ పంపిన రోజుకి అక్కడ పచ్చ గడి పడుతుంది), వీళ్లది ఖాళీగా. పనులన్నీ వంతులవారీగా కాగితం మీద రాసి గోడకు అంటించండి. వంతు తప్పితే ఫైన్ పది రూపాయలు.

లక్షణం: వచ్చింది, బాగా చేసింది, నాలుగు నెలల తర్వాత చల్లగా మాయమైంది

ఇదుగో, నన్ను కాల్చింది ఇదే. పైవన్నీ సరిచేసుకున్న గ్రూపుల్లోనే ఇది వస్తుంది, అందుకే దొరకదు. మెషీన్ అంతా చెక్ చేస్తే అన్నీ ఓకే చూపిస్తుంది, కానీ నడవదు, ఆ రకం.

మా కాలేజీ గ్రూపులో అప్పుడు ఒక చిన్న ప్రాజెక్టు ఉండేది, మా జిల్లాలో ఊళ్ల బస్ స్టాపులన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే అందరూ కలిసి గీసే మ్యాప్‌లో పెట్టి, దాని మీద టైమింగ్స్ చూపించే పేజీ. దేవరకొండ అవతలి ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక జూనియర్ ఆ డేటా పని అంతా తన మీద వేసుకుంది. తనకు ఆ బస్సులు కండక్టర్ల కంటే బాగా తెలుసు. ఒక సోమవారం వచ్చి నన్ను అడిగింది.

"అక్కా, ఈ ఫైల్ ఫార్మాట్ మార్చాలని ఎప్పుడు అనుకున్నరు? నేను రెండు వారాలు చేసిందంతా పాతదాంట్లనే ఉన్నది."

"శనివారం అనుకున్నం కదా."

"శనివారం మీటింగ్ల నేను కూడా ఉన్న."

"మీటింగ్ల కాదు, అయిపోయినంక, చాయ్ దగ్గర."

"ఓ" అంది. ఇంకేం అనలేదు. వారం కూర్చుని మొత్తం కొత్త ఫార్మాట్‌లోకి మార్చి ఇచ్చింది కూడా. నెల తర్వాత రావడం మానేసింది. నేను "సెమ్ ఎగ్జామ్స్ కదా" అనుకున్నాను, మీలాగే. ఫోన్ చేసింది ఏడాది తర్వాత.

సంగతేంటంటే మా మీటింగ్ సాయంత్రం నాలుగున్నరకు మొదలై ఆరుకు అయిపోయేది. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకు పడేది. మేం ఆరింటికి గేటు బయట చాయ్ బండి దగ్గర చేరి ఎనిమిది దాకా ఉండేవాళ్లం. మీటింగ్‌లో గంటన్నర మాట్లాడింది ఎవరికీ గుర్తుండదు కానీ చాయ్ దగ్గర అనుకున్నది అనుకున్నట్టు జరిగేది. ఏ లైబ్రరీ వాడాలి, ఎవరి కోడ్ ముందు చూడాలి, హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల క్యాంపుకి ఎవరిని పంపాలి, అన్నీ అక్కడే. మెర్జ్ చేసే, అంటే ఇతరులు పంపిన కోడ్‌ని ప్రాజెక్టులో కలిపే, హక్కు కూడా అక్కడే ఇచ్చేశాం, "నువ్వు కూడా చూస్కోరా బై" అని, సమోసా తింటూ. తర్వాత లెక్క చూస్తే, హక్కు వచ్చిన ఇద్దరి కంటే ఆ అమ్మాయి పంపిన ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఎక్కువ.

మరి నాకు ఎందుకు కనపడలేదు? ఎందుకంటే నేనూ ఆ చాయ్ దగ్గర ఉన్నాను! మా ఇల్లు టౌన్‌లోనే, నేను డే స్కాలర్‌ని, తమ్ముడు అదే కాలేజీ, వాడి బండి మీద ఎనిమిదింటికి ఇంటికి పోయినా మా అమ్మ ఏమనేది కాదు. ఎవరైనా "మీ దగ్గర అమ్మాయిలకు ఏమైనా ఇబ్బందా" అని అడిగితే అబ్బాయిలంతా నన్ను చూపించేవాళ్లు, నేనూ తల ఊపేదాన్ని. కోర్ టీంలో ఒక్క అమ్మాయి ఉందంటే ఇక ఎవరూ ఏమీ చెక్ చేయరు, ముఖ్యంగా ఆ అమ్మాయి. మీ గ్రూపులో నాలాంటిది ఒకతి ఉంటే ఆమెను ఈ ప్రశ్న అడగండి: నువ్వు రాత్రి ఇంటికి ఎట్లా పోతున్నావ్? జవాబులో తమ్ముడో, సొంత స్కూటీయో, దగ్గర్లో ఇల్లో ఉంటే ఆమె ఉండటం చూసి మిగతావాళ్లకు కూడా దారి ఉందని లెక్కేసుకోకండి.

చాయ్ ఒక్కటే కాదు. రాత్రి పూట అబ్బాయిల హాస్టల్ గది కూడా అంతే. గిట్‌లో (కోడ్ మార్పుల లెక్క ఉంచే సాధనం) ఇద్దరి మార్పులు కలవక మెర్జ్ గొడవ వస్తే ఒకడు పక్క గదికి పోయి తలుపు కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అదే ఎర్రర్ స్క్రీన్‌షాట్ ఒక అమ్మాయి గ్రూపులో పెడితే పొద్దున దాకా జవాబు ఉండదు, పొద్దున కూడా "ఇది ఈజీయే, గూగుల్ చెయ్" అని వస్తుంది. ఆర్నెల్లకు వాడు "టాలెంట్", ఈమె "అంత ఇంట్రెస్ట్ లేదు".

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఫ్రీ అయ్యాక, "ఇప్పుడు బస్సు కూడా ఫ్రీయే కదా, ఇంకేంటి" అనేవాళ్లు ఎక్కువయ్యారు. టికెట్ డబ్బులు మిగిలిన మాట నిజమే, అది చిన్న సంగతి కాదు. కానీ ఊరికి పోయే చివరి బస్సు పోయే టైంకే పోతుంది. మీ చర్చ దాని తర్వాత మొదలైతే ఫ్రీ టికెట్ ఏం చేస్తుంది?

పరీక్ష ఇట్లా చేయండి. గత రెండు నెలల్లో గ్రూపు తీసుకున్న ఐదు నిర్ణయాలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన మొదట ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరి మధ్య అనుకున్నారో రాయండి. నిజాయితీగా రాయండి, "మీటింగ్‌లో ప్రకటించాం" అనేది లెక్క కాదు. అందులో మూడు ఆరున్నర తర్వాతవి అయితే మీ జబ్బు దొరికింది.

పరిష్కారం చాయ్ మానేయడం కాదు, ఆ పొరపాటు కూడా మేం చేశాం, రెండు వారాల్లో అందరూ ఇంకో బండి దగ్గర తేలారు. చాయ్‌ని లోపలికి తేవాలి. ఫ్లాస్క్ తీసుకుని ఐదింటికే ల్యాబ్ బయట వరండాలో పెట్టండి, సగం మీటింగ్ చాయ్‌తోనే నడవనివ్వండి, గేటు టైంకి అరగంట ముందు అందరూ లేవాలి. బయట ఏదైనా అనుకుంటే అది ఉత్త ముచ్చటే, మర్నాడు ఎవరో ఒకరు ఇష్యూలో (ప్రాజెక్టు పేజీలో అందరికీ కనపడే చర్చలో) రాయాలి, రాసిన రెండు రోజుల దాకా ఎవరూ కోడ్ ముట్టుకోకూడదు. ఇది నా సొంత తెలివి కాదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో మెయిలింగ్ లిస్ట్‌లో రాని నిర్ణయం జరగనట్టే అని ఎప్పటి నుంచో అంటారు. అది పెట్టింది ఆడవాళ్ల కోసం కూడా కాదు, ఒకరికి పగలైతే ఇంకొకరికి రాత్రయ్యే దేశాల్లో ఉండేవాళ్ల కోసం. మనకు దేవరకొండ రోడ్డు కూడా వేరే దేశం లాంటిదే అనుకోండి.

ఇక మెర్జ్ హక్కుకు ఒక నియమం రాసి పెట్టండి. ఇన్ని ప్యాచ్‌లు లోపలికి వెళ్తే హక్కు వస్తుంది, అంతే, ఎవరితో చాయ్ తాగారన్నది అందులో ఉండకూడదు. మాది ఎనిమిది.

అరుదైనవి

లోగోలో అబ్బాయి బొమ్మ ఉందనో, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ నల్లగా ఉంటుందనో ఎవరూ మానేయరు. ఇంగ్లిష్ రాదనేది అబ్బాయిలకూ ఉంది. "ఇంట్లో ఒప్పుకోరు" అనేది నిజమే కానీ ఇంట్లోవాళ్లు అడిగేది సాధారణంగా ఎక్కడ, ఎవరితో, ఎన్నింటికి వస్తావ్ అనే, ఆ మూడూ మీరు ముందే రాసిస్తే సగం ఇళ్లు ఒప్పుకుంటాయి. కోడ్ రివ్యూలో పక్షపాతం మాత్రం అరుదు కాదు. 2017లో గిట్‌హబ్ మీద వచ్చిన ఒక పరిశోధనలో మొత్తం మీద ఆడవాళ్ల ప్యాచ్‌లే కాస్త ఎక్కువగా ఆమోదం పొందాయి, కానీ ప్రాజెక్టుకి కొత్తవాళ్లై, ఆడవాళ్లని ప్రొఫైల్‌లో తెలిసిపోతుంటే ఆమోదం తగ్గింది. పది మంది ఉన్న ఊరి గ్రూపులో మొహాలన్నీ తెలిసినవే కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం. రివ్యూకి ఒక చెక్‌లిస్ట్ పెట్టుకోండి.

మా పాత గ్రూపులో ఇప్పుడు ఫ్లాస్క్ పద్ధతే నడుస్తోంది. మొన్న చూడటానికి పోతే మొదటి రెండు వారాలు ఆ ఫ్లాస్కూ గ్లాసులూ కడిగింది అమ్మాయిలేనని తెలిసింది, ఎవరూ చెప్పలేదట, వాళ్లే లేచి కడిగారట. గోడ మీది వంతుల కాగితంలో చివరి లైనుగా అది కూడా రాయించి వచ్చాను.