చెవిని వదిలేయండి, చెవిలో పెట్టేవాటిని కడగండి

ముందే ఒక మాట చెప్పేస్తా, చెవి లోపల మనం చేయాల్సిన క్లీనింగ్ దాదాపు ఏమీ ఉండదు. గుబిలి మురికి కాదండీ, చెవి రంధ్రంలో బయటివైపు ఉన్న చర్మమే దాన్ని తయారు చేస్తుంది, అది దుమ్ముని లోపలికి పోకుండా పట్టుకుంటుంది, లోపలి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ ఉంటుంది కాబట్టి దాంతోపాటే వచ్చి ఎండి రాలిపోతుంది. పెద్దవాళ్లకి కూడా ఆ దారి పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లే, దాని చివర కర్ణభేరి. ఇయర్ బడ్ పెట్టి తిప్పితే దూదికి కాస్త అంటుకుంటుంది, అది చూసి హమ్మయ్య అనుకుంటాం, మిగతాది లోపలికి కూరుకుపోయి గట్టిపడుతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు అసలు వద్దు. ఇయర్ క్యాండిల్ (చెవిలో పెట్టి వెలిగించే మైనపు గొట్టం) కూడా గుబిలిని లాగదు, చెవి కాలే ప్రమాదం మాత్రం ఉంది.

స్నానం అయ్యాక తడిగుడ్డతో బయటి చెవి, చెవి వెనక తుడుచుకోండి, చాలు. దిబ్బడ వేసినట్టుంటే పక్కకి పడుకుని 2, 3 చుక్కలు ఆలివ్ ఆయిల్ వేసి 5 నిమిషాలు అలాగే ఉండండి, రోజుకి రెండు మూడు సార్లు, ఒక 3 నుంచి 5 రోజులు. నూనె స్టవ్ మీద కాచొద్దు, సీసాని కాసేపు చేతిలో పట్టుకుంటే సరిపోతుంది. చెవి కారుతున్నా, నొప్పిగా ఉన్నా, కర్ణభేరికి ఎప్పుడైనా చిల్లు పడినా ఏ చుక్కలూ వేయకండి, డాక్టర్‌కి చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడడం మానేస్తే గుబిలే కదా అని ఆగకుండా అదే రోజు వెళ్లండి, ఆలస్యం చేస్తే ఆ వినికిడి తిరిగి రాకపోవచ్చు.

కొత్తగా చెవి కుట్టించుకున్నారా, అయితే తమ్మె మానడానికి 6 నుంచి 8 వారాలు, పైన గట్టిగా ఉండే కార్టిలేజ్ దగ్గరైతే నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, తర్వాత 0.9 శాతం స్టెరైల్ సెలైన్‌తో (క్రిములు లేని ఉప్పునీళ్లు) ముందూ వెనకా తడిపి, మెత్తబడిన పక్కుని శుభ్రమైన గాజ్ గుడ్డతో (గాయాలకి కట్టే పల్చటి గుడ్డ) తుడిచి, బాగా ఆరనివ్వండి. దిద్దు అతుక్కుపోతుందని రోజూ తిప్పుతుంటారు చూడండి, అది మానేయండి, తిప్పిన ప్రతిసారీ మానుతున్న పుండు మళ్లీ రేగుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కొత్త చర్మాన్ని దెబ్బతీస్తాయి. వెనక శీల మరీ బిగించొద్దు, వాపు వస్తే తమ్మెలోకి దిగిపోతుంది. కార్టిలేజ్ ఎర్రబడి వాచి నొప్పి పెడితే మాత్రం ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, అక్కడికి రక్తం సరఫరా తక్కువ, ఇన్ఫెక్షన్ ముదిరితే చెవి ఆకారమే మారిపోతుంది. చీము పట్టిందని దిద్దు మీ అంతట మీరు తీసేయకండి, పైన రంధ్రం పూడి చీము లోపలే ఉండిపోవచ్చు.

ఇక ఇయర్‌ఫోన్స్. సిలికాన్ టిప్స్ ఊడదీసి సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ తొడగండి. స్పీకర్ మీది జాలీని కిందికి వంచి పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి, పైకి పెట్టి దులిపితే చెత్త స్పీకర్లోకే పోతుంది, సూదితో గీకితే జాలీ చిరుగుతుంది. ప్లాస్టిక్ భాగాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడవచ్చు, జాలీకి మాత్రం తగలనివ్వకండి. కేస్‌లో ఛార్జింగ్ పిన్నులకి పొడి ఇయర్ బడ్ వాడండి, అది పనికొచ్చే చోటు అదే. చెవులు తడిగా ఉన్నప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి, తడి లోపలే ఉండిపోయి దురద, ఇన్ఫెక్షన్ మొదలవుతాయి.